వాదాల జంక్షన్: కాజీపేట స్టేషన్ నిన్న, నేడు, రేపు

2023 జనవరి 15న సికింద్రాబాద్–విశాఖపట్నం వందేభారత్ మొదలైంది. దానికి వరంగల్‌లో హాల్టు ఇచ్చారు, కాజీపేటలో ఇవ్వలేదు. 2024 సెప్టెంబరు 16న నాగ్‌పూర్–సికింద్రాబాద్ వందేభారత్ మొదలైంది. అది కాజీపేటలో ఆగుతుంది, వరంగల్ మొహమే చూడదు. ఈ రెండు స్టేషన్ల మధ్య దూరం దాదాపు 10 కిలోమీటర్లు. రెండూ గ్రేటర్ వరంగల్ నగరపాలక సంస్థ పరిధిలోనివే. 2021లో జిల్లాల పేర్లు, హద్దులు మార్చినప్పటి నుంచి మాత్రం ఒకటి హనుమకొండ జిల్లాలో, మరొకటి వరంగల్ జిల్లాలో ఉన్నాయి.

ఓరుగల్లులో రైల్వే గురించి మాట మొదలైతే అది నాలుగైదు దారుల్లో పోతుంది. కోచ్ ఫ్యాక్టరీ ఏమైందని ఒకరు, డివిజన్ ఎప్పుడిస్తారని ఒకరు, ఫలానా ఎక్స్‌ప్రెస్ ఎందుకు ఆపరని మరొకరు, హైదరాబాద్ లోకల్ రైలు ఎంఎంటీఎస్ ఇక్కడిదాకా ఎందుకు రాదని ఇంకొకరు. ఇవన్నీ ఒకే డిమాండ్ పత్రంలో వరుస నంబర్లుగా చేరిపోతున్నాయి. నిజానికి ఇవి వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి జవాబు దొరికినంత మాత్రాన రెండోది తీరదు. కొన్ని చోట్ల ఒకదాని జవాబు రెండోదానికి అడ్డం కూడా వస్తుంది. ఆ చిక్కుముడిని విడదీసి, ఏ వాదం ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ తేలిపోతుందో చూడటం ఈ సమీక్ష పని.

మూడు దారుల లెక్క

కాజీపేట వివాదాల్లో సగం పట్టాల అమరికలోనే ఉన్నాయి. పడమటి నుంచి సికింద్రాబాద్ లైను వస్తుంది, 132 కిలోమీటర్లు. ఉత్తరాన జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం మీదుగా బల్లార్షా లైను పోతుంది. తూర్పున వరంగల్ మీదుగా డోర్నకల్, ఖమ్మం, విజయవాడ లైను సాగుతుంది.

హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్, కాగజ్‌నగర్ వైపు పోయే భాగ్యనగర్ ఎక్స్‌ప్రెస్ కాజీపేట దగ్గరే ఉత్తరానికి మళ్లుతాయి. వరంగల్ వాటి దారిలో లేదు. చెన్నై–ఢిల్లీ మధ్య నడిచే గ్రాండ్ ట్రంక్, తమిళనాడు ఎక్స్‌ప్రెస్‌లకు వరంగల్‌లో హాల్టు ఉంది. అక్కడి నుంచి అవి కాజీపేట ప్లాట్‌ఫాం తాకకుండా బైపాస్ లైను మీదుగా హసన్‌పర్తి రోడ్ చేరతాయి. గోల్కొండ, కృష్ణా, శాతవాహన లాంటి హైదరాబాద్–విజయవాడ దారి బండ్లు మాత్రమే రెండు స్టేషన్లనూ కలుపుతాయి.

అందుకే “మా స్టేషన్‌లో ఆపండి” అన్న కోరిక ప్రతిసారీ ఒకే రకంగా తీరేది కాదు. హైదరాబాద్–విశాఖ బండిని కాజీపేటలో ఆపడం రెండు మూడు నిమిషాల పని. చెన్నై–ఢిల్లీ బండిని కాజీపేటకు తేవాలంటే దాన్ని దారి మళ్లించి, ఇంజన్ తిప్పి పంపాలి. ఈ తేడాను పట్టించుకోని వినతిపత్రాలు ఎన్నిసార్లు ఇచ్చినా వచ్చే జవాబు ఒకటే: సాంకేతికంగా సాధ్యం కాదు.

బొగ్గు కోసం వేసిన బాట

నిజాం రాజ్యంలో తొలి రైలు 1874లో వాడి–సికింద్రాబాద్ మధ్య నడిచింది. దాన్ని తూర్పుకు పొడిగించాలన్న ఆలోచన వెనక ప్రయాణికుల కంటే బొగ్గు, పత్తి, బ్రిటిష్ పెట్టుబడి ఎక్కువగా ఉన్నాయి. 1883లో లండన్‌లో నిజాం గ్యారంటీడ్ స్టేట్ రైల్వే కంపెనీ ఏర్పడింది. పెట్టుబడి మీద 20 ఏళ్లపాటు 5 శాతం వడ్డీకి నిజాం ప్రభుత్వం పూచీ పడింది.

ఆ ఒప్పందం మీద హైదరాబాద్‌లో పెద్ద గొడవే జరిగింది. చాందా రైల్వే పథకంగా పేరుపడ్డ ఈ ఏర్పాటు ఖజానాకు భారమని, ప్రజలకు లెక్కలు చెప్పాలని అఘోరనాథ చటోపాధ్యాయ, ముల్లా అబ్దుల్ ఖయ్యూం వంటివారు గొంతెత్తారు. సర్కారు చటోపాధ్యాయను నగరం నుంచి పంపించివేసింది. హైదరాబాద్ రాజ్యంలో ప్రజాభిప్రాయం తొలిసారి ఒక రైలు మార్గం లెక్కల మీద కూడగట్టుకుందని చరిత్రకారులు దీన్ని ప్రస్తావిస్తారు. ఈ లైను ఎవరి డబ్బుతో, ఎవరి లాభం కోసం అన్న ప్రశ్న ఇక్కడ పట్టాలకన్నా ముందే పుట్టింది.

1886లో రైలు వరంగల్ చేరింది. 1888 నాటికి డోర్నకల్ మీదుగా ఇల్లెందు బొగ్గు గనులను, 1889లో బెజవాడను అందుకుంది. అప్పటికి కాజీపేట దారిలో ఒక స్టేషనే. దాని దశ తిరిగింది 1920లలో, బల్లార్షా వైపు లైను వేసినప్పుడు. దశల వారీగా సాగిన ఆ పని పూర్తయ్యాక 1929లో గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నడక మొదలైంది. మద్రాసుకు, ఢిల్లీకి సూటి దారి దొరికింది. హైదరాబాద్, ఉత్తరాది, దక్షిణాది కలిసే మూల కాజీపేట అయింది.

తర్వాతి మార్పులన్నీ యాజమాన్యానివి. 1930లో నిజాం ప్రభుత్వం కంపెనీ నుంచి రైల్వేను కొనేసింది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే పుట్టింది. 1978లో సికింద్రాబాద్ డివిజన్‌ను చీల్చి హైదరాబాద్ డివిజన్ చేశారు, దాని కార్యాలయం కూడా సికింద్రాబాద్‌లోనే పెట్టారు. కాజీపేట సికింద్రాబాద్ డివిజన్‌లోనే మిగిలింది. ఇన్ని చేతులు మారినా ఈ జంక్షన్ గురించిన నిర్ణయం కాజీపేటలో జరిగిన సందర్భం ఒక్కటీ లేదు. డివిజన్ కోరిక వెనక ఉన్న మనోగతం ఇదే.

రైల్వే ఊరు, తగ్గిన పని

ఆవిరి ఇంజన్ల కాలంలో జంక్షన్ అంటే వందల చేతుల పని. ఇంజన్‌కు నీళ్లు పట్టాలి, బొగ్గు ఎక్కించాలి, నిప్పు సరిచూడాలి. డ్రైవరు, ఫైర్‌మన్, గార్డు డ్యూటీ దిగితే మరో జట్టు ఎక్కాలి. షంటింగ్‌లో బోగీలు విడదీసి కలపాలి. ఈ పనుల చుట్టూ క్వార్టర్లు, రైల్వే ఆసుపత్రి, ఇన్‌స్టిట్యూట్, ఆటస్థలం వచ్చాయి. దర్గా కాజీపేట, ఫాతిమానగర్, సోమిడి, బాపూజీనగర్ ఒక్కో చరిత్రతో పెరిగినా, ఊరి దినచర్యను షిఫ్టులే నడిపాయి. 1959లో వచ్చిన ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల, నేటి ఎన్ఐటీ, కాజీపేట–హనుమకొండ దారిలో వెలిసి ఊరికి మరో ముఖం ఇచ్చింది. 1934లో వచ్చిన ఆజంజాహీ మిల్లు వరంగల్‌కు ఎలాగో, కాజీపేటకు రైల్వే అలాగ.

డీజిల్ వచ్చాక నీళ్ల పని పోయింది. 1980ల రెండో సగంలో విజయవాడ–కాజీపేట–బల్లార్షా దారి విద్యుదీకరణ సాగింది, 1990ల మొదట్లో సికింద్రాబాద్ వైపు కూడా పూర్తయింది. ఇంజన్ మార్చాల్సిన అవసరం తగ్గిపోయింది. 2006లో వచ్చిన ఎలక్ట్రిక్ లోకోషెడ్, అంతకుముందే ఉన్న డీజిల్ షెడ్ ఊరికి కొంత ఆసరా ఇచ్చాయి. అయినా బండి ఆగాల్సిన సాంకేతిక కారణం ఒక్కొక్కటే రాలిపోయింది. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్–కాజీపేట–బల్లార్షా, కాజీపేట–కొండపల్లి దారుల్లో గరిష్ఠ వేగం గంటకు 130 కిలోమీటర్లకు పెరిగింది. బండి వేగం పెరిగిన కొద్దీ ఒక్కో హాల్టుకు పోయే సమయం ఖరీదు కూడా పెరుగుతుంది.

ఈలోగా మరో రకం గిరాకీ పెరిగింది. ఉద్యోగానికి, చదువుకు, కోర్టుకు, ఆసుపత్రికి పొద్దున హైదరాబాద్ పోయి రాత్రికి తిరిగొచ్చేవారు, ఇటు వాడుకలో “అప్ అండ్ డౌన్” చేసేవారు. జనగామ, స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వరంగల్‌కు, జమ్మికుంట నుంచి కాజీపేటకు వచ్చే ఉపాధ్యాయులు, గుమాస్తాలు, విద్యార్థులు వీరికి అదనం. జంక్షన్‌గా పని తగ్గుతున్న చోటే శివారు స్టేషన్‌గా పని పెరిగింది. టైంటేబుల్ మాత్రం ఇంకా పాత లెక్కలోనే ఉంది.

ఐదు వాదాలు

*పరిశ్రమ వాదం.* అందరికంటే పాతది, అందరికంటే ఉద్వేగం నిండినది. 1980ల మొదట్లో కాజీపేటకు కోచ్ ఫ్యాక్టరీ ఖాయమన్న నమ్మకం బలంగా ఉండేది. 1985లో శంకుస్థాపన జరిగింది పంజాబ్‌లోని కపుర్తలాలో. ఇందిరాగాంధీ హత్య తర్వాతి పంజాబ్ పరిస్థితులే కారణమని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. 2014 పునర్విభజన చట్టం 13వ షెడ్యూలులో తెలంగాణలో కోచ్ ఫ్యాక్టరీ ఏర్పాటును పరిశీలించి త్వరగా నిర్ణయం తీసుకోవాలని రాశారు. మధ్యలో వ్యాగన్ ఫ్యాక్టరీ మాట, ఆపై వ్యాగన్ల ఓవర్‌హాలింగ్ వర్క్‌షాప్ మాట వచ్చాయి. చివరికి 2023 జులై 8న ప్రధాని నరేంద్ర మోదీ వరంగల్‌లో రూ.521 కోట్ల రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. అయోధ్యపురం దగ్గర పని మొదలైంది. వ్యాగన్లతో ఆగకుండా కోచ్‌లు, ఇంజన్ల తయారీకీ అనువుగా దాన్ని పెంచుతామని రైల్వే శాఖ తర్వాత ప్రకటించింది.

ఈ వాదం బలం ఉపాధి. బలహీనత కూడా అక్కడే ఉంది. ఇప్పటి ఫ్యాక్టరీల్లో యంత్రాలు ఎక్కువ, శాశ్వత కొలువులు తక్కువ. స్థానికులకు ఎన్ని దక్కుతాయన్నది రైల్వే నియామక పద్ధతి తేలుస్తుంది, ఊరి పేరు తేల్చదు. ఫ్యాక్టరీ వచ్చినంత మాత్రాన ఉదయం బండిలో ఒక్క సీటు కూడా పెరగదు.

*డివిజన్ వాదం.* విశాఖ కేంద్రంగా దక్షిణ కోస్తా రైల్వే జోన్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించాక దీనికి కొత్త ఊపిరి వచ్చింది. విజయవాడ, గుంటూరు, గుంతకల్లు డివిజన్లు కొత్త జోన్‌కు పోతే దక్షిణ మధ్య రైల్వేకు మిగిలేవి సికింద్రాబాద్, హైదరాబాద్, నాందేడ్. వాటిలో రెండింటి కార్యాలయాలు ఒకే నగరంలో ఉన్నాయి. రామగుండం, మణుగూరు, కొత్తగూడెం బొగ్గు రవాణా కాజీపేట చుట్టూ తిరుగుతుండగా నిర్ణయాధికారం 132 కిలోమీటర్ల అవతల ఎందుకన్నది వీరి ప్రశ్న. ప్రశ్నలో న్యాయం ఉంది. పాలనా ఖర్చు పెంచకుండా ఉన్న డివిజన్లతోనే నెట్టుకురావాలన్నది ఎదుటి వాదం. ప్రయాణికుడి వైపు నుంచి చూస్తే మరో పరిమితి కనిపిస్తుంది. స్థానిక బండ్ల వేళలు, స్టేషన్ వసతుల మీద డివిజన్ మాట చెల్లుతుంది. దూరప్రాంత ఎక్స్‌ప్రెస్‌ల హాల్టులు జోన్, రైల్వే బోర్డు స్థాయిలో తేలతాయి.

*హాల్టుల వాదం.* వార్తాపత్రికల జిల్లా పేజీల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. కొత్త బండి వచ్చినప్పుడల్లా కాజీపేటకా, వరంగల్‌కా అన్న పోటీ పుడుతుంది. ప్రజాప్రతినిధులకు ఇది ఇష్టమైన రంగం, ఎందుకంటే హాల్టు వస్తే జెండా ఊపొచ్చు. ఒక హాల్టు ఒక్కో ఊరికి నిజంగా మేలు చేస్తుంది. కానీ రిజర్వేషన్ నిండిన సూపర్‌ఫాస్ట్ బండి ఆగితే రోజువారీ ప్రయాణికుడికి ఒరిగేది కొద్దిగానే. రిజర్వుడు బోగీలో పాసు చెల్లదు, జనరల్ బోగీలో కాలు పెట్టే చోటుండదు.

*లోకల్ రైలు వాదం.* హైదరాబాద్ ఎంఎంటీఎస్ 2003 ఆగస్టులో మొదలైంది. రెండో దశలో ఘట్‌కేసర్ దాకా వచ్చింది, 2024 మార్చిలో ఘట్‌కేసర్–లింగంపల్లి సర్వీసుకు ప్రధాని పచ్చజెండా ఊపారు. అక్కడి నుంచి యాదాద్రి దాకా 33 కిలోమీటర్ల పొడిగింపు మంజూరై చాలా ఏళ్లయింది. రాష్ట్ర వాటా మీద తకరారు నడిచాక, తన నిధులతోనే చేస్తానని రైల్వే ముందుకొచ్చింది. యాదాద్రి దాకా వచ్చేది జనగామకు, అటుపై కాజీపేట, వరంగల్‌కు ఎందుకు రాకూడదన్నది ఈ వాదం. ఆలేరు, పెంబర్తి, రఘునాథపల్లి, పిండ్యాల లాంటి చిన్న స్టేషన్ల జనానికి ఇది గట్టి ఆశ. కరోనా కాలంలో ప్యాసింజర్లన్నీ ఆగి, తిరిగి మొదలైనప్పుడు కనీస చార్జీ పదికి బదులు ముప్పై రూపాయలైంది. 2024 ఫిబ్రవరిలోగానీ పాత చార్జీ తిరిగి రాలేదు. అన్నేళ్లూ ఆ భారం మోసింది ఈ చిన్న స్టేషన్ల వాళ్లే.

*ఆపరేటింగ్ వాదం.* ఇది సభల్లో వినిపించదు, కంట్రోల్ రూముల్లో వినిపిస్తుంది. ఘట్‌కేసర్–కాజీపేట మధ్య ఉన్నవి రెండే లైన్లు. వాటి మీదే వందేభారత్, సూపర్‌ఫాస్ట్, ప్యాసింజర్, గూడ్సు అన్నీ నడవాలి. వేగం తేడా ఎక్కువయ్యే కొద్దీ లైను మీద పట్టే బండ్ల సంఖ్య తగ్గుతుంది. ప్యాసింజర్‌ను లూప్ లైనులో పెట్టి వెనకొచ్చే ఎక్స్‌ప్రెస్‌ను ముందు వదలడం ఆపరేటింగ్ వారికి తప్పని పని, ప్రయాణికుడికి నిత్య వేదన. మూడో లైను కాజీపేట–విజయవాడ, కాజీపేట–బల్లార్షా దారుల్లో మంజూరై పనులు సాగుతున్నాయి. రోజూ అప్ అండ్ డౌన్ చేసేవారు ఎక్కువగా ఉన్న సికింద్రాబాద్ వైపే అది కొరవడింది.

పక్కపక్కన పెడితే

ఈ ఐదింటినీ మూడు కొలతలతో చూడవచ్చు: లాభపడేది ఎవరు, తీర్పు ఎవరి చేతుల్లో ఉంది, ఫలితానికి ఎంతకాలం పడుతుంది.

— పరిశ్రమ: లాభం ఉద్యోగార్థులకు, అనుబంధ చిన్న పరిశ్రమలకు. తీర్పు కేంద్ర ప్రభుత్వానిది. నాలుగు దశాబ్దాలు పట్టింది, నిర్మాణం దాకా వచ్చింది.

— డివిజన్: లాభం రైల్వే సిబ్బందికి, ఊరి వ్యాపారానికి, పరోక్షంగా ప్రయాణికులకు. తీర్పు రైల్వే బోర్డు, కేంద్ర ప్రభుత్వాలది. కాలం చెప్పలేం.

— హాల్టులు: లాభం దూరప్రయాణికులకు. తీర్పు జోన్, బోర్డు స్థాయిది. నెలల్లో ఫలితం ఉండొచ్చు, అంతే తొందరగా రద్దూ కావచ్చు.

— లోకల్ రైలు: లాభం రోజువారీ ప్రయాణికులకు, చిన్న స్టేషన్ల ఊళ్లకు. తీర్పు రైల్వేది, ఖర్చు పంచుకుంటే రాష్ట్రానిది కూడా. మెమూ బండి వేయడం నెలల పని, ఎంఎంటీఎస్ తరహా వసతి ఏళ్ల పని.

— లైను సామర్థ్యం (ఆపరేటింగ్ వాదం): లాభం అందరికీ, పేరు ఎవరికీ రాదు. తీర్పు రైల్వే బోర్డుది. ఏళ్ల పని. ఇది లేకుండా పైవాటిలో లోకల్ రైలు నిలవదు.

ఈ వరుసలో ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. పరిశ్రమకు జేఏసీలున్నాయి, డివిజన్‌కు కార్మిక సంఘాలున్నాయి, హాల్టులకు ఎంపీల లేఖలున్నాయి. పాసు పట్టుకుని రోజూ తిరిగేవారికి అంత గట్టి గొంతు లేదు. లైను సామర్థ్యానికి అసలు లేదు.

సీజన్ టికెట్ చెప్పే సంగతి

ఇక్కడ ఒక చిన్న నిబంధనను దగ్గరగా చూడాలి. రైల్వే సీజన్ టికెట్లు 150 కిలోమీటర్ల దాకానే ఇస్తుంది. సికింద్రాబాద్ నుంచి కాజీపేట 132, వరంగల్ దాదాపు 142. రెండూ పరిమితికి లోపలే ఉన్నాయి. ఆ తర్వాతి నెక్కొండ, కేసముద్రం, మహబూబాబాద్ బయటికి పోతాయి. అంటే రైల్వే రూలు ప్రకారమే వరంగల్ హైదరాబాద్‌కు రోజూ వచ్చిపోగల చివరి పట్టణం.

రూలు ఆ హక్కు ఇచ్చింది, బండ్లు ఆ హక్కును పూర్తిగా ఇవ్వలేదు. సూపర్‌ఫాస్ట్‌లో ఎక్కాలంటే పాసు మీద అదనపు చార్జీ కట్టాలి. వందేభారత్‌కు గంటన్నర పైచిలుకు పట్టే దూరానికి ప్యాసింజర్‌కు దాదాపు రెట్టింపు పడుతుంది, లూపులో పెడితే ఇంకా ఎక్కువ. పుష్‌పుల్, మెమూ బండ్లలో టికెట్ చౌక, వేళల్లో వైవిధ్యం తక్కువ. పాసు చౌకగా ఉన్నా పొద్దున తొమ్మిదిన్నరకు ఆఫీసులో ఉండాల్సిన మనిషి ఉప్పల్ బస్సు ఎక్కుతున్నాడంటే కారణం ఇదే. 163వ జాతీయ రహదారి నాలుగు లైన్లయ్యాక రైలు నుంచి బస్సుకు, కారుకు మళ్లడం మరింత సులువైంది.

బయటి అనుభవాలు

కాజీపేట పరిస్థితి ఎక్కడా లేనిది కాదు. ముంబయి–పుణె మధ్య దూరం 192 కిలోమీటర్లు. అక్కడ లోకల్ రైలు లేదు. 1930 జూన్ 1న మొదలైన దక్కన్ క్వీన్, దాని దారిలో వచ్చిన ఇతర ఇంటర్‌సిటీలు పొద్దున పోయి సాయంత్రం వచ్చే వేళలతో రోజువారీ ప్రయాణికులను నిలబెట్టాయి. కాజీపేటకు దీన్నుంచి పనికొచ్చే పాఠం ఉంది. ఈ దూరానికి అన్ని స్టేషన్లలో ఆగే లోకల్ కంటే కొద్ది హాల్టులతో, ఆఫీసు వేళకు చేర్చే ఇంటర్‌సిటీ మేలు.

ముంబయిలోనే మరో ఉదాహరణ విరార్–దహాను. ఏళ్లపాటు మెమూలు, షటిళ్లతో నడిచిన ఆ దారికి 2013లో సబర్బన్ లోకళ్లు వచ్చాయి. గిరాకీ పెరిగి, అధికారికంగా సబర్బన్‌గా గుర్తించాకే వసతులు కదిలాయి. చెన్నై లోకళ్లు 68 కిలోమీటర్ల అవతలి అరక్కోణం దాకా, ఇంకా ముందుకు తిరుత్తణి దాకా నడుస్తాయి. అక్కడ లోకళ్లకు విడిగా లైన్లుండటం ఆ సేవకు ప్రాణం.

ఢిల్లీ–మీరట్ దారి పూర్తిగా వేరు. 2023 అక్టోబరులో తొలి భాగం మొదలైన ఆ 82 కిలోమీటర్ల ప్రాంతీయ వేగ రైలు కొత్త పట్టాల మీద, భారీ ఖర్చుతో వచ్చింది. వరంగల్‌కు అలాంటిది కావాలన్న మాట అప్పుడప్పుడు వినిపిస్తుంది. మధ్యలో ఘాజియాబాద్ లాంటి జనసాంద్రత ఉన్న పట్టణాలు లేని 140 కిలోమీటర్లకు ఆ ఖర్చు నిలబెట్టడం కష్టం.

ఇంకా తేలనివి

మొదటిది ఖర్చు పంపకం. ఎంఎంటీఎస్ రెండో దశకు మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే భరించాలన్నది ఒప్పందం. యాదాద్రి దాకానే ఇంత ఆలస్యమైతే, అంతకు మూడింతల దూరానికి ఎవరు ముందుకొస్తారు?

రెండోది హైదరాబాద్ కొస. 2025 జనవరి 6న చర్లపల్లి టెర్మినల్ ప్రారంభమైంది. కొన్ని బండ్లు అటు మళ్లాయి. వరంగల్ వైపు నుంచి వచ్చేవారికి చర్లపల్లి దూరంలో దగ్గరే, కానీ అక్కడి నుంచి సికింద్రాబాద్, అమీర్‌పేట, హైటెక్ సిటీ చేరే సాధనం బలపడకపోతే రైలులో కలిసొచ్చిన సమయం ఆటోలో పోతుంది. ఘట్‌కేసర్–లింగంపల్లి ఎంఎంటీఎస్ చర్లపల్లి మీదుగానే పోతుంది. దాని వేళలు కాజీపేట బండ్లతో కలిస్తే సమస్య చాలావరకు తీరుతుంది. ఆ కలయికను చూడాల్సింది ఎవరన్నది స్పష్టంగా లేదు.

మూడోది ట్రైసిటీ లోపలి ప్రయాణం. కాజీపేట, హనుమకొండ, వరంగల్ మూడూ కలిసిన నగరంలో రైలు దిగిన మనిషి ఇంటికెలా చేరాలి? కాజీపేట నుంచి వరంగల్ స్టేషన్ దాకా మెట్రో నియో ప్రతిపాదన ఒకటి వచ్చింది, కాగితాల మీదే ఉంది. ఫాతిమానగర్ వంతెన మీద రద్దీ, రెండో వంతెన పనుల సాగదీత కాజీపేట స్టేషన్‌ను సొంత నగరానికే దూరం చేశాయి.

నాలుగోది స్టేషన్ ఆధునికీకరణ అర్థం. అమృత్ భారత్ పథకంలో వరంగల్ స్టేషన్ కాకతీయ శిల్ప ఛాయలతో ముస్తాబై 2025 మే 22న ప్రారంభమైంది. కాజీపేట కూడా అదే పథకంలో ఉంది. ముఖద్వారం, లిఫ్టులు, ఎస్కలేటర్లు వృద్ధులకు, సామాన్లున్నవారికి అవసరమే. రోజూ వచ్చేవారికి వాటితోపాటు బైకు నిలుపుకునే చోటు, పొద్దున తెరిచి ఉండే టికెట్ కౌంటర్, ప్లాట్‌ఫాం పక్కనే ఆగే సిటీ బస్సు కావాలి. పథకాల ప్రకటనల్లో మొదటి జాబితాయే ఎక్కువగా కనిపిస్తుంది.

ఏది ముందు

ఇన్ని వాదాలు తూచాక ఒక క్రమం తేలుతుంది. తయారీ యూనిట్ నిర్మాణం దాకా వచ్చింది కనుక ఇకపై దాని మీద అడగాల్సింది నియామకాలు, శిక్షణ గురించి. ఎన్ఐటీ, స్థానిక ఐటీఐలతో ముడిపెడితే ఆ పోరాటానికి ఫలితం దక్కుతుంది. డివిజన్ డిమాండ్ న్యాయమైనదే, పాలనా సంస్కరణగా దాన్ని విడిగా నడపాలి. ప్రయాణికుల వసతి దానికోసం ఆగనక్కర్లేదు.

హాల్టుల పోటీలో వరంగల్, కాజీపేట ఒకదానికొకటి ఎదురు నిలబడటం వల్ల రెండూ నష్టపోతున్నాయి. పట్టాల అమరిక ఎవరికి ఏది ఇవ్వగలదో ముందే తేల్చింది. ఉత్తరానికి పోయే హైదరాబాద్ బండ్లకు కాజీపేట, చెన్నై–ఢిల్లీ బండ్లకు వరంగల్ మొత్తం నగరానికి స్టేషన్లుగా పనిచేయాలంటే వాటి మధ్య 10 కిలోమీటర్లకు బండ్ల వేళలు చూసి నడిచే బస్సు చాలు. దానికి రైల్వే బోర్డు అనుమతి అక్కర్లేదు.

అసలు బరువు రోజువారీ ప్రయాణం మీద పడాలి. ఎంఎంటీఎస్ బోర్డు కాజీపేటలో పెట్టాలన్న పట్టుదల కంటే మూడు పనులు మేలు చేస్తాయి. ఒకటి, వరంగల్ నుంచి పొద్దున ఆఫీసు వేళకు చేరి సాయంత్రం తిరిగొచ్చే ఒక జత ఇంటర్‌సిటీ, కాజీపేట, జనగామ, భువనగిరి లాంటి కొద్ది హాల్టులతో, పాసుదారులకు కేటాయించిన బోగీలతో. రెండు, మిగతా చిన్న స్టేషన్లకు ఇప్పుడు ఘట్‌కేసర్ దగ్గర, పొడిగింపు పూర్తయ్యాక యాదాద్రి దగ్గర ఎంఎంటీఎస్‌తో కలిసేలా మెమూలు. మెమూకు మోటార్లు బోగీల కిందే ఉంటాయి, ఆగిన వెంటనే వేగం అందుకుంటుంది, చివర్లో ఇంజన్ తిప్పే పని లేదు. లూప్ లైనులో పడిగాపులు తగ్గించడానికి ఇదే సరైన బండి. మూడు, ఘట్‌కేసర్–కాజీపేట మధ్య మూడో లైను. మొదటి రెండూ టైంటేబుల్ మార్పుతో మొదలవుతాయి, మూడోది లేకపోతే కొన్నేళ్లకే ఊపిరాడక ఆగిపోతాయి.

నలభై ఏళ్లుగా కాజీపేట ఢిల్లీని అడిగిన వాటిలో సభల్లో మార్మోగింది ఫ్యాక్టరీ, డివిజన్. ఒకటి సగం వచ్చింది, రెండోది రాలేదు. మూడో లైను అన్న డిమాండ్‌కు నినాదంలో పస లేదు, ఊరేగింపులో ఊపు రాదు. అయినా ఇకపై వినతిపత్రాల్లో మొదటి నంబరు దానికే ఇవ్వాలి.